384 ఫారాల్లో దొరకని నాయకత్వం

మన యూనివర్సిటీల మేనేజ్‌మెంట్ థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. నాయకత్వం మీద రాసినవి ఓ పది తెరిచి, ముందుమాటలూ కృతజ్ఞతలూ దాటేసి, నేరుగా శాంపిల్ సైజు చెప్పే పేజీకి వెళ్ళండి. 384 అనే అంకె ఒక్కసారి కూడా తగలకపోతే ఆశ్చర్యపోవాలి. బ్యాంకు ఉద్యోగులైనా 384, నర్సులైనా 384, సాఫ్ట్‌వేర్ వాళ్ళైనా 384.

ఈ అంకె 1970లో క్రెజ్సీ, మోర్గన్ అనే ఇద్దరు ప్రచురించిన చిన్న పట్టికలోది. మొత్తం జనాభా 1,000 అయితే 278 మందిని అడగండి, 10,000 అయితే 370 మందిని, 10 లక్షలైతే 384 మందిని అని ఆ పట్టిక చెబుతుంది. లెక్క కూడా పెద్దదేం కాదు. 95 శాతం నమ్మకానికి వాడే 3.841 అనే విలువను 0.5తోనూ మళ్ళీ 0.5తోనూ గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.1 వస్తుంది. అయితే ఆ లెక్క ఏ ప్రశ్నకు జవాబో చాలామంది చూడరు. ‘వీళ్ళలో ఎంత శాతం మంది అవునంటారు’ అనే ప్రశ్నకు, 5 శాతం అటూ ఇటూగా, 95 శాతం నమ్మకంతో జవాబు కావాలంటే ఎంతమందిని అడగాలో అది చెబుతుంది. అదీ లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే.

నాయకత్వం మీద థీసిస్ అడిగేది ఈ ప్రశ్న కాదు. ఫలానా తీరు మేనేజరు ఉంటే ఫలానా ఫలితం మారుతుందా అని అడుగుతుంది. అక్కడ శాంపిల్ ఎంత కావాలన్నది, మీరు వెతికే సంబంధం ఎంత బలమైనదో దాన్నిబట్టి ఉంటుంది. ఆ బలాన్ని 0 నుంచి 1 దాకా కొలిచే సహసంబంధం (కోరిలేషన్) 0.3 ఉంటుందనుకుంటే, దాన్ని 80 శాతం సందర్భాల్లో పట్టుకోవడానికి 85 మంది చాలు. 0.1 మాత్రమే ఉంటే 780 మందికి పైగా కావాలి. మొదటి దానికి 384 దండగ, రెండోదానికి చాలదు. పైగా ఆ 384 మందీ ఎలా వచ్చారు? స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం లింకు పడేస్తే, తీరిక ఉన్నవాళ్ళు నింపితే వచ్చారు. అలా వచ్చిన శాంపిల్‌కు ఆ పట్టిక ఒక అలంకారం, అంతే.

ఒక అంకె మీద ఇంత సాగదీయడానికి కారణం ఉంది. వ్యాపార నాయకత్వం మీద, వ్యూహం మీద డాక్టరేట్ చెయ్యాలనుకునేవాళ్ళలో ఎక్కువమంది ప్రశ్న దగ్గరే ఓడిపోతారని నా వాదన. స్టాటిస్టిక్స్ అర్థం కాకపోతే సాయం చేసేవాళ్ళు దొరుకుతారు, ప్రశ్న తప్పయితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ‘సంస్థ పనితీరుపై నాయకత్వ ప్రభావం’ అని కొండంత ప్రశ్న పెట్టుకుని, గూగుల్ ఫారంతో తవ్వడం మొదలెడతారు. మూడేళ్ళ తర్వాత ఎలుక కూడా దొరకదు.

ఫారం లోపల ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. మొదటి పేజీలో ‘మా మేనేజరు నాలో ఉత్సాహం నింపుతారు’ అనే వాక్యం. 1 నుంచి 5 వరకు మార్కులు. మూడో పేజీలో ‘నా ఉద్యోగం నాకు తృప్తినిస్తోంది’ అనే వాక్యం. మళ్ళీ 1 నుంచి 5. రెండూ నింపేది ఒకే మనిషి, ఒకే పూట, ఒకే మూడ్‌లో. నిన్ననే ఇంక్రిమెంట్ లెటర్ వచ్చిన మనిషి రెండుచోట్లా 5 కొడతాడు. సెలవు దొరకని మనిషి రెండుచోట్లా 2 కొడతాడు. ఆఖర్న రెండింటికీ గట్టి సంబంధం ఉందని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. అది కొలిచింది నాయకత్వాన్నా, ఇంక్రిమెంట్‌నా? ఒకే నోటి నుంచి కారణమూ ఫలితమూ రెండూ వినడం వల్ల పుట్టే ఈ పొరపాటు గురించి 2003లో పొడ్సకాఫ్ బృందం రాసిన సమీక్షను ఈ రంగంలో ప్రతివాళ్ళూ ఉటంకిస్తారు. ఉటంకించి, ‘మా అధ్యయనంలో ఆ సమస్య లేదు’ అని, ఆ పొరపాటు ఉందో లేదో చూడ్డానికి వాడే హార్మన్ టెస్ట్ ఒకటి చూపించి ముందుకెళ్ళిపోతారు. ఆ టెస్ట్ గట్టిది కాదని ఆ సమీక్షే చెబుతుంది.

మందు ఉంది, కాకపోతే శ్రమ. మేనేజరు గురించి కిందివాళ్ళను అడగండి. ఫలితాన్ని మాత్రం ఫారంలో అడక్కండి, రికార్డుల్లోంచి తీసుకోండి. ఆ బ్రాంచిలో ఏడాదిలో ఎంతమంది మానేశారు, ఎన్ని ఖాతాలు మొండిబకాయిలయ్యాయి, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి. రెంటికీ మధ్య మూడు నెలలైనా ఎడం ఉండాలి. ఇంకో చిక్కు కూడా గుర్తుపెట్టుకోండి. 40 బ్రాంచిల నుంచి 384 మంది జవాబిచ్చారంటే, మీ దగ్గరున్న మేనేజర్లు 40 మందే. ఒకే మేనేజరు కింద పనిచేసేవాళ్ళ జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక 0.1 అనుకుంటే, బ్రాంచికి సగటున 9.6 మంది చొప్పున 384 మంది విలువ 206 మందికి పడిపోతుంది. దీన్ని పట్టించుకోకుండా మామూలు రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో చెప్పే లెక్క) నడిపితే, లేని సంబంధం కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. వైవాలో పరీక్షకుడు ‘మీ యూనిట్ ఆఫ్ అనాలిసిస్ ఏమిటి’, అంటే మీ లెక్కలో ఒక్కో వరుస ఎవరిది అని అడిగేది ఇందుకే. ఆ ప్రశ్నకు ఉద్యోగి అని ఒకసారీ మేనేజరు అని ఒకసారీ చెబితే, మిగతా రెండొందల పేజీలు ఎంత బాగున్నా లాభం లేదు.

నాయకుడా, అదృష్టమా?

ఇంతకంటే లోతైన చిక్కు ఒకటుంది. నాయకుడి వల్ల నిజంగా ఎంత తేడా వస్తుంది?

1972లో లీబర్సన్, ఓకానర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 13 పరిశ్రమలకు చెందిన 167 పెద్ద అమెరికన్ కంపెనీల 20 ఏళ్ళ లెక్కలు తీసుకున్నారు. అమ్మకాల్లోనూ లాభాల్లోనూ వచ్చిన హెచ్చుతగ్గుల్లో ఏడాది వాటా ఎంత, పరిశ్రమ వాటా ఎంత, కంపెనీ వాటా ఎంత అని విడగొట్టి, మిగిలినదాంట్లో పై మనిషి మారడం వల్ల వచ్చింది ఎంతో చూశారు. అమ్మకాల విషయంలో నాయకుడి వాటా చాలా స్వల్పం. లాభాల శాతం దగ్గరకొచ్చేసరికి మాత్రం చెప్పుకోదగ్గంత. అంటే ‘నాయకత్వం ముఖ్యమా’ అన్న ప్రశ్నకు జవాబు, మీరు దేన్ని కొలుస్తున్నారన్నదాని మీద ఆధారపడిందన్నమాట. వ్యూహం వైపు 1991లో రిచర్డ్ రుమెల్ట్ ఇలాంటి లెక్కే వేశాడు. లాభదాయకతలోని తేడాల్లో 46 శాతం దాకా ఆ ఫలానా వ్యాపార విభాగానివే అని తేలింది. ఎప్పటికీ మారని పరిశ్రమ ప్రభావం 8 శాతం చిల్లర. పైనున్న మాతృసంస్థ వాటా నామమాత్రం. ‘మంచి పరిశ్రమ ఎంచుకుంటే సగం గెలిచినట్టే’ అని క్లాసులో చెప్పే మాటకు ఇది పెద్ద దెబ్బే.

1985లో మైండల్ బృందం ఇంకో సంగతి చూపించింది. కంపెనీ ఫలితాలు బాగా ఉన్నప్పుడూ, బాగా పడిపోయినప్పుడూ జనం కారణాన్ని నాయకుడి నెత్తినే పెడతారు. ముందు ఫలితం తెలుస్తుంది, ఆ తర్వాత నాయకుడి గుణాలు కనిపించడం మొదలవుతుంది. అందుకే గెలిచిన సీఈఓలను ఇంటర్వ్యూ చేసి ‘విజయవంతమైన నాయకుల ఏడు లక్షణాలు’ రాయడం పరిశోధన కిందికి రాదు. అవే లక్షణాలు ఉండి దివాలా తీసినవాళ్ళను ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు కదా.

దీనికి హైదరాబాద్‌ను మించిన ఉదాహరణ లేదు. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడింది. సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని చూపారు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే 24 శాతం అన్నారు, అసలు 61 కోట్లు, అంటే 3 శాతం. అవార్డు ఇచ్చినవాళ్ళు చూసిందీ, అప్పటి పరిశోధకులు డౌన్‌లోడ్ చేసుకున్నదీ ఇలాంటి అంకెలనే.

డాక్టరేట్ విద్యార్థికి ఇందులో నీతికథ కంటే పనికొచ్చే సంగతి వేరే ఉంది. అచ్చయిన వార్షిక నివేదికలు ఎన్నటికీ మారవు. 2003 నుంచి 2008 దాకా భారతీయ ఐటీ కంపెనీల నగదు నిల్వలనో లాభాల శాతాన్నో మీరు వాడుకుంటే, ఆ అబద్ధపు అంకెలు మీ పట్టికలో ఒక వరుసగా కూర్చుంటాయి. అప్పట్లో దేశంలోని నాలుగు పెద్ద ఐటీ కంపెనీల్లో సత్యం ఒకటి కాబట్టి, చిన్న శాంపిల్‌లో ఆ ఒక్క వరుసే సగటును లాగేయగలదు. దాన్ని ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క నడిపి, రెండు ఫలితాలూ థీసిస్‌లో చూపాలి. ఎవరూ అడక్కముందే చూపాలి.

వ్యూహం సంగతికొస్తే, డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్న వ్యవహారం చూడండి. కొన్న కొద్దికాలానికే అక్కడి ప్రభుత్వం మందుల ధరల చట్టాలు మార్చింది. ఆరోగ్య బీమా నిధులు టెండర్లు పిలిచి, తక్కువకు ఇచ్చే కంపెనీతో ఒప్పందం చేసుకునే పద్ధతి వచ్చింది. డాక్టర్ల చుట్టూ తిరిగే రెప్రజెంటేటివ్‌ల బలం మీద నడిచే వ్యాపారానికి అది పెద్ద దెబ్బ. ఆ తర్వాతి సంవత్సరాల్లో కంపెనీ ఆ పెట్టుబడి విలువలో పెద్ద భాగాన్ని పుస్తకాల్లో తగ్గించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ‘బీటాఫార్మ్ కొనుగోలు తప్పు వ్యూహమా’ అన్నది థీసిస్ ప్రశ్న అవుతుందా? కాదు, అది కాఫీ టేబుల్ దగ్గరి ప్రశ్న. కొనకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చూపలేరు. అయితే టొరెంట్ కూడా 2005లో జర్మనీలోనే హాయ్‌మన్ ఫార్మాను కొంది. రెండు భారతీయ కంపెనీలకూ తగిలింది ఒకే చట్టం. టెండర్ పద్ధతికి ఎవరు ఎన్ని నెలల్లో మారారు, సేల్స్ సిబ్బందిని ఎప్పుడు కుదించారు, తయారీని ఇండియాకు ఎప్పుడు మార్చారు, ఆ నిర్ణయాలు ఎవరి బల్ల మీద ఆగాయి? ఇది థీసిస్ ప్రశ్న. టీస్, పిసానో, షుయెన్ 1997లో ప్రతిపాదించిన డైనమిక్ కేపబిలిటీస్ (మార్పుకు తగ్గట్టు సంస్థ తనను తాను మలచుకునే శక్తి) సిద్ధాంతానికి ఒక నిజమైన పరీక్ష కూడా. ఆ పదం వాడి, ప్రశ్నావళిలో ‘మా సంస్థ మార్పులకు త్వరగా స్పందిస్తుంది’ అని రాసి 5 మార్కులు అడగడం పరీక్ష కాదు.

డెన్మార్క్ మొదటి బిడ్డ, మన ఇంటి అల్లుడు

మంచి ప్రశ్న ఎలా ఉంటుందో చెప్పమంటే నేను ఎప్పుడూ ముందు పెట్టేది 2007లో బెన్నెడ్‌సెన్, నీల్సెన్, పెరెజ్ గొంజాలెజ్, వోల్ఫెంజన్ ప్రచురించిన డెన్మార్క్ అధ్యయనం. కుటుంబ వ్యాపారంలో వారసుడికి పగ్గాలిస్తే లాభాలు పెరుగుతాయా, తగ్గుతాయా అన్నది వాళ్ళ ప్రశ్న. వారసులు నడిపే కంపెనీలనూ బయటివాళ్ళు నడిపేవాటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే సరిపోదు. వ్యాపారం సాఫీగా ఉన్నప్పుడు కొడుక్కిస్తారు, మునిగేలా ఉన్నప్పుడు బయటినుంచి దిట్టను తెస్తారు. లేదా తద్విరుద్ధం. ఎలా చూసినా పోలిక కలుషితమే.

వాళ్ళు పట్టుకున్న తాళంచెవి ఏమిటంటే, దిగిపోతున్న సీఈఓకు పుట్టిన మొదటి బిడ్డ ఆడా మగా అన్నది. బిడ్డ ఆడో మగో అన్నది దైవాధీనం. దానికీ కంపెనీ లాభాలకూ నేరుగా ఏ సంబంధమూ లేదు. కానీ మొదటి బిడ్డ మగవాడైతే పగ్గాలు కుటుంబంలోనే ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ తేడాను వాడుకుని 5,000 పైచిలుకు మార్పులను పరిశీలిస్తే, కుటుంబ వారసత్వం వల్ల ఆస్తులపై నిర్వహణ రాబడి కనీసం 4 శాతం పాయింట్లు పడిపోతోందని తేలింది. నాయకుడి గుణగణాల మీద ఒక్క ప్రశ్నావళి లేదు.

దీన్ని ఇక్కడికి తెచ్చుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. ఫార్మా, నిర్మాణం, విత్తనాలు, ఆసుపత్రులు, ఎటు చూసినా మనవి కుటుంబ కంపెనీలే. తెచ్చుకునే ముందు ఒక్క నిమిషం మన ఇళ్ళు ఎలా నడుస్తాయో ఆలోచించాలి. మనకు అల్లుడున్నాడు. డాక్టర్ రెడ్డీస్‌లో అంజిరెడ్డి తర్వాత పగ్గాలు పట్టిన ఇద్దరిలో సతీశ్ రెడ్డి కొడుకు, జీవీ ప్రసాద్ అల్లుడు. అపోలో ఆసుపత్రుల్లో ప్రతాప్ సి. రెడ్డి నలుగురు కూతుళ్ళూ నాయకత్వంలోనే ఉన్నారు. ఆపైన అన్నదమ్ముల పిల్లలు, బావమరుదులు. మొదటి బిడ్డ ఆడపిల్ల అయినంత మాత్రాన కంపెనీ బయటివాళ్ళ చేతికి వెళ్ళదు. డెన్మార్క్‌లో తెరుచుకున్న తాళం ఇక్కడ అదే చెవితో తెరుచుకోదు.

సరిగ్గా అక్కడే మీ థీసిస్ మొదలవుతుంది. ‘కుటుంబం’ అంటే ఎవరు? కొడుకు, కూతురు, అల్లుడు, తమ్ముడి కొడుకు, వీళ్ళందర్నీ ఒకే గాటన కట్టొచ్చా? అల్లుడు బయట చదువుకుని, బయట ఉద్యోగం చేసి వచ్చే అవకాశం ఎక్కువ. పెళ్ళి సంబంధం చూసేటప్పుడే కుటుంబం అతణ్ణి ఎంచుకుంటుంది, కొడుకును ఎంచుకునే వీల్లేదు. అంటే అల్లుడు సగం వారసుడు, సగం నియామకం. కొడుకు చేతికొచ్చిన కంపెనీలకూ అల్లుడి చేతికొచ్చిన కంపెనీలకూ పెట్టుబడి తీరులో, అప్పుల్లో, కొత్త వ్యాపారాల్లోకి దిగడంలో తేడా ఉందా? సిద్ధాంతం కావాలంటే హాంబ్రిక్, మేసన్ 1984లో ప్రతిపాదించిన అప్పర్ ఎచెలాన్స్ ఉంది. పై మనిషి నేపథ్యం సంస్థ నిర్ణయాల్లో కనిపిస్తుందని దాని సారాంశం. మన ఊరి వాస్తవం దానికి కొత్త అంచు పెడుతుంది. రీసెర్చ్ గ్యాప్ అంటే ఇది. ‘ఈ అంశం మీద వరంగల్ జిల్లాలో ఎవరూ పరిశోధన చెయ్యలేదు’ అన్నది గ్యాప్ కాదు, జిల్లాల పట్టిక.

డేటా ఎక్కడ దొరుకుతుంది? లిస్టెడ్ కంపెనీలైతే డైరెక్టర్ల మధ్య ఉన్న బంధుత్వాలను వార్షిక నివేదికలోని కార్పొరేట్ గవర్నెన్స్ భాగంలో చెప్పాలన్నది సెబీ నిబంధన. ప్రతి డైరెక్టరుకూ డిన్ అనే ఒక గుర్తింపు నంబరు ఉంటుంది కాబట్టి, పేరు స్పెల్లింగు మారినా మనిషిని పట్టుకోవచ్చు. మన పేర్లలో ఇనీషియల్స్‌తో పడే తంటాలకు ఇది పెద్ద వరం. ఆర్థిక లెక్కలకు సీఎంఐఈ అనే సంస్థ వారి ప్రోవెస్ డేటాబేస్ ఉంది, అది మీరు చదివే సంస్థ చందా కడితేనే దొరుకుతుంది. చేరబోయే చోట ఆ చందా ఉందో లేదో అడ్మిషన్ ముందే కనుక్కోండి. అన్‌లిస్టెడ్ కంపెనీల పత్రాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైటులో కంపెనీకి 100 రూపాయలు కట్టి చూడొచ్చు, కానీ బంధుత్వాలు అంత తేలిగ్గా బయటపడవు.

శ్రమ ఎంతో ముందే లెక్కేసుకోవాలి. 200 కంపెనీలు, 10 ఏళ్ళు అంటే 2,000 నివేదికలు. ఒక్కోదానికి 15 నిమిషాలు పట్టినా 500 గంటలు. ఉద్యోగం చేస్తూ వారానికి 10 గంటలు పెడితే సరిగ్గా 50 వారాలు, అంటే ఏడాది. అందులో పదో వంతు నివేదికలను ఇంకో మనిషి చేత విడిగా నింపించి, మీ నమోదుతో ఎంతవరకు సరిపోయిందో చూసుకోవాలి. ఈ చివరి పని చాలామంది ఎగ్గొడతారు. అల్లుడిని ‘బంధుత్వం లేదు’ అని నమోదు చేసే తప్పు దొరికేది అక్కడే.

చట్టాలు గీసే గీతలు కూడా మంచి ప్రశ్నలిస్తాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టాలి. లాభం 4.8 కోట్లున్న కంపెనీకీ 5.2 కోట్లున్న కంపెనీకీ మిగతా విషయాల్లో పెద్ద తేడా ఉండదు, ఒకదానికి మాత్రం బాధ్యత పడింది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాటిని పోలిస్తే బలవంతపు సీఎస్‌ఆర్ ఏం చేసిందో తెలుస్తుంది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)కి చెందిన హరిఓం మంచిరాజు, కొలంబియా యూనివర్సిటీకి చెందిన శివరామ్ రాజగోపాల్ 2017లో ఈ చట్టం మీదే ప్రచురించిన పరిశోధనలో, గీత పరిధిలోకి వచ్చిన కంపెనీల షేర్ల విలువ 4.1 శాతం పడిందని చూపారు. ఈ దారిలో ఒక గుంట ఉంది. గీత దాటకుండా లాభాన్ని 4.9 దగ్గర ఆపేసే అకౌంటెంట్లు ఉంటారు. 5 కోట్లకు కాస్త కింద కంపెనీలు గుంపుగా చేరాయేమో ముందు గ్రాఫ్ గీసి చూడండి. చేరితే మీ పోలిక చెడింది. బాధపడక్కర్లేదు, ఆ గుంపే కొత్త ప్రశ్న.

చేరేముందు

రూల్స్ సంగతి గబగబా చెప్పేస్తాను. యూజీసీ 2022 నవంబరులో ఇచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్ళు పొడిగించొచ్చు. మహిళలకు ఇంకో రెండేళ్ళు వెసులుబాటు ఉంది, 240 రోజుల ప్రసూతి సెలవు కూడా. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో పరిశోధన, ప్రచురణ నైతికత మీద ఒక పేపరు తప్పనిసరి, 55 శాతం మార్కులు రావాలి. ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందు పని చూపించాలి. పార్ట్‌టైమ్ చెయ్యొచ్చు, యాజమాన్యం ఎన్‌ఓసీ ఇవ్వాలి. దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ పీహెచ్‌డీ చెల్లదు. కాపీ విషయంలో 2018 నిబంధనలు వేరే ఉన్నాయి. పోలిక 10 శాతం దాటితే ఆరు నెలల్లో సరిచేసి తేవాలి, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

గైడ్ విషయంలో ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 4 అని పరిమితి ఉంది. ఎనిమిదో విద్యార్థిగా పెద్ద పేరున్న ప్రొఫెసర్ దగ్గర చేరడం కంటే, రెండో విద్యార్థిగా ఇప్పుడిప్పుడే పేపర్లు రాస్తున్న అసోసియేట్ దగ్గర చేరడం మేలని నా లెక్క. ఆయన చివరి ఐదేళ్ళ పేపర్లలో డేటా ఎక్కడిదో చూడండి. అన్నీ ప్రశ్నావళులే అయితే మీదీ ప్రశ్నావళే అవుతుంది.

డిగ్రీ పేర్ల గందరగోళం గురించి రెండు మాటలు. ఐఐఎంలు 2018 జనవరి 31న వాటి చట్టం అమల్లోకి వచ్చేదాకా ‘ఫెలో’ బిరుదే ఇచ్చేవి, ఇప్పుడు పీహెచ్‌డీ ఇస్తున్నాయి. ఐఎస్‌బీ యూనివర్సిటీ కాదు కాబట్టి అక్కడ ఇచ్చేది ఫెలో బిరుదు. డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) అనగానే కొందరు పెదవి విరుస్తారు. మేనేజ్‌మెంట్ పండితుల్లో పేరుమోసిన సీకే ప్రహ్లాద్ 1975లో హార్వర్డ్‌లో చేసింది డీబీఏనే. అంతటి పేరే ఉన్న సుమంత్ర ఘోషల్ ఎంఐటీలో పీహెచ్‌డీ, హార్వర్డ్‌లో డీబీఏ రెండూ చేశాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ తన డీబీఏను పీహెచ్‌డీగా మార్చింది 2018లో. అయితే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ‘ఏడాదిన్నరలో మీ పేరు ముందు డాక్టర్’ అని ఫోన్ చేసేవాళ్ళను ఒక్కటే అడగండి: ఇప్పటిదాకా మీ దగ్గర పూర్తయిన థీసిస్‌లు పూర్తిగా ఎక్కడ చదవొచ్చు? లింకు రాకపోతే ఫోన్ పెట్టేయొచ్చు. పాఠాలు చెప్పే ఉద్యోగం మీ లక్ష్యమైతే, విదేశీ డిగ్రీకి ఇక్కడ సమానత్వం ఇస్తారో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

సొంత కంపెనీ మీద పరిశోధన చేద్దామనుకునే మేనేజర్లకు ఒక హెచ్చరిక. ‘డేటాదేముంది, మనవాళ్ళే కదా ఇస్తారు’ అని సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) కట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి హెచ్‌ఆర్ హెడ్ మారతాడు, కొత్తాయన లీగల్‌ను అడగమంటాడు, లీగల్ వద్దంటుంది. పైగా థీసిస్ శోధ్‌గంగలో అందరికీ కనిపిస్తుంది. ఏ ఫైళ్ళు, ఏ సంవత్సరాలవి, పేర్లు ఎలా తీసేస్తారు, రాసింది ఎవరు చూసి ఒప్పుకుంటారు అన్నది ఒక పేజీలో రాసి, సంతకం చేయించుకున్న తర్వాతే సినాప్సిస్ పెట్టండి. ఇంకోటి, మీ కింద పనిచేసేవాళ్ళను మీ నాయకత్వం గురించి మీరే ఇంటర్వ్యూ చెయ్యకండి. ‘సార్ చాలా మంచివారు’ అన్న వాక్యాన్ని నలభై రకాలుగా కోడింగ్ చేసి, అంటే వర్గాలుగా విడగొట్టి ప్రయోజనం లేదు.

డేటా జోలికి పోకముందే చెయ్యగలిగిన పని ఒకటుంది, ఒక ఆదివారం సరిపోతుంది. తెల్లకాగితం మీద మీ థీసిస్‌లోని ముఖ్యమైన పట్టికను అంకెలు లేకుండా గీయండి. పై ఉదాహరణే అయితే అడ్డంగా మూడు గళ్ళు: కొడుకు, అల్లుడు, బయటి మనిషి. నిలువుగా నాలుగు: పగ్గాలు మారడానికి ముందు మూడేళ్ళ రాబడి, తర్వాత మూడేళ్ళ రాబడి, అప్పుల నిష్పత్తి, కొత్త వ్యాపారాల సంఖ్య. ఒక్కో గడిలోకి ఎన్ని కంపెనీలు వస్తాయో పెన్సిల్‌తో అంచనా రాయండి. అల్లుడి గడిలోకి 6 మాత్రమే వచ్చేలా ఉంటే ఇప్పుడే తెలిసింది. అప్పుడు రిగ్రెషన్ మాట మర్చిపోయి, ఐసెన్‌హార్ట్ 1989లో చెప్పిన పద్ధతిలో నాలుగు నుంచి పది కేసులు లోతుగా తవ్వే డిజైనుకు మారొచ్చు. తర్వాత కాగితం తిప్పి, వెనకవైపు రెండు వాక్యాలు రాయండి. అల్లుళ్ళ గడిలో రాబడి ఎక్కువొస్తే దానర్థం ఏమిటి? తక్కువొస్తే ఏమిటి? రెంటికీ ఒకే వాక్యం రాయగలిగితే ఆ కాగితం చించేసి ఇంకోటి తీసుకోండి.